పామును పట్టుకుపోయారు సరే, ఎలకల సంగతి?

హోస్ట్: ఇంట్లోకి పాము వచ్చింది, స్నేక్ క్యాచర్ వచ్చి పట్టుకుపోయాడు. ఇక గొడవ వదిలినట్టేనా?

గెస్ట్: ఎక్కడండీ! పాము ఎలక కోసం వచ్చింది, ఎలక చెత్త కోసం వచ్చింది. ఆ రెండూ అక్కడే ఉంటే ఇంకో పాము రాదా? చిరుతల విషయంలోనూ అంతే, పట్టుకుపోయినంత మాత్రాన గొడవ తీరలేదు, చోటు మారిందంతే. వేరే చోట్ల పట్టిన చిరుతల్ని తెచ్చి ముంబయి సంజయ్ గాంధీ నేషనల్ పార్కులో వదిలారు. 2004లో అక్కడ మనుషుల మీద దాడులు బాగా పెరిగాయి.

హోస్ట్: మరి ఇంటి దగ్గర ఎక్కడ మొదలెట్టాలి?

గెస్ట్: సందుల దగ్గర. చిట్టెలుకకి 6 మిల్లీమీటర్లు చాలు, అంటే పెన్సిలు పట్టేంత. పగలు గదిలో లైటార్పి తలుపు కిందకి చూడండి. వెలుగు గీత కనిపిస్తే అదే దారి. అక్కడ రబ్బరు పట్టీ వేయించాలి. పైపులు గోడలోకి దూరేచోటు ఇంకా ముఖ్యం, సింకు కింద ఎవరూ చూడరు కదా!

హోస్ట్: ఆ సందుల్లో ఉబ్బి గట్టిపడే ఫోమ్ కొట్టేస్తే?

గెస్ట్: కొరికి పారేస్తాయి. స్టీలు పీచు గట్టిగా కూరి, పైన సిమెంటు మెత్తాలి. పీచు ఒక్కటే పెడితే తడికి తుప్పుపట్టి రాలిపోతుంది. వెంటిలేటర్లకి 6 మిల్లీమీటర్లకంటే చిన్న కన్నున్న ఇనప మెష్ బిగించండి. అయితే మూసేముందు లోపల ఏమీ లేదని తేల్చుకోవాలి. కాగితం ఉండ చేసి కన్నంలో వదులుగా పెట్టండి. మూడు రాత్రులు కదలకపోతే ఖాళీ అన్నమాట. తల్లి బయట, పిల్లలు లోపల ఉండిపోతే, తర్వాత ఆ కంపు భరించాల్సింది మీరే.

హోస్ట్: ఇదంతా ఎందుకు, ఎలకల మందు పెట్టేస్తే పోలా?

గెస్ట్: రక్తం గడ్డకట్టనివ్వని మందులు తిన్న ఎలక వెంటనే చావదు. కొన్ని రోజులు నీరసంగా తిరుగుతుంది, గుడ్లగూబకి ఇట్టే దొరుకుతుంది. న్యూయార్కులో 2023లో జూ నుంచి బయటపడ్డ ఫ్లాకో అనే గుడ్లగూబ ఏడాదికి చనిపోయింది. బిల్డింగుకి గుద్దుకుందనుకున్నారు. పోస్టుమార్టం చేస్తే ఒంట్లో నాలుగు రకాల ఎలకల మందులు! జీతం లేకుండా ఎలకల్ని పట్టేవాటికే విషం పెడుతున్నాం.

హోస్ట్: నాఫ్తలీన్ ఉండలు వేస్తే పాములు రావంటారు...

గెస్ట్: వాటి పక్కనుంచే పాక్కుంటూ పోతుంది. పైగా చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదం.

హోస్ట్: పాము అప్పటికే గదిలో ఉంటే?

గెస్ట్: కర్ర తియ్యొద్దు. రెండు మీటర్లకి తగ్గకుండా దూరంగా నిలబడండి. మిగతా గదుల తలుపులు మూసి, కింద సందుల్లో తువ్వాళ్లు కుక్కమని ఇంకొకరికి చెప్పండి. మీరు మాత్రం దానిమీంచి చూపు తిప్పొద్దు. ఏ బీరువా వెనక్కి పోయిందో చెప్పగలిగితే క్యాచర్‌కి సగం పని తగ్గుతుంది.