శాపం తీరాలంటే కథ చెప్పాలి

ఫాంటసీ నవల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఇంటిల్లిపాదికీ తగిలే శాపాలు, కంటికి కనబడని లోకాలు, భయపెడుతూనే నవ్వించే కథనం. ఇవన్నీ ఒకేచోట కావాలంటే నేను బృహత్కథ దగ్గరికే వెళ్తాను. పైశాచీ అనే పాత భాషలో గుణాఢ్యుడు రాశాడని చెప్పే ఆ మూలం ఇప్పుడు దొరకదు. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు దాన్ని సంస్కృతంలో తిరగరాసిన కథాసరిత్సాగరం మాత్రం మనకు దొరుకుతుంది.

దాని మొదలే ఇంటి గొడవ. ఎవరూ వినని కథ చెప్పమంది పార్వతి. శివుడు గుమ్మం దగ్గర నందిని కాపలా పెట్టి, ఏడుగురు విద్యాధర చక్రవర్తుల కథ ఎత్తుకున్నాడు. పుష్పదంతుడనే గణం కనబడకుండా లోపల దూరి విన్నాడు. విన్నవాడు ఊరుకుంటాడా, భార్య జయకు చెప్పాడు. ఆవిడ ఊరుకుంటుందా, వెళ్లి పార్వతికే చెప్పింది! ‘జయకు కూడా తెలిసిన పాత కథ నాకు చెబుతారా’ అని పార్వతి శివుడి మీద లేచింది. సంగతి బయటపడ్డాక పుష్పదంతుణ్ణి మనిషిగా పుట్టమని శపించింది. మధ్యలో సిఫారసుకొచ్చిన మరో గణం మాల్యవంతుడికీ అదే గతి, పాపం.

విమోచనం చూడండి. పుష్పదంతుడు వింధ్యాటవిలో కాణభూతి అనే పిశాచానికి ఆ కథ చెప్పాలి. మాల్యవంతుడు కాణభూతి నోట విని దాన్ని లోకంలో పెట్టాలి. దొంగచాటుగా విన్నదాన్ని నలుగురికీ పంచడమే జరిమానా అన్నమాట. ‘తెలిసీ చెప్పకపోతే నీ తల పగిలిపోతుంది’ అనే చందమామ బేతాళుడు గుర్తొచ్చాడా? అతనూ ఈ పుస్తకంలోని వాడే.

మాల్యవంతుడే గుణాఢ్యుడిగా పుట్టి ప్రతిష్ఠానంలో శాతవాహన రాజుకు మంత్రి అయ్యాడు. మన తెలంగాణలోని కోటిలింగాలలో నాణేలు దొరికిన శాతవాహనుల పేరే ఇది. జలక్రీడలో రాణి ‘మోదకైః’ అంది, ‘మా ఉదకైః’, అంటే నీళ్లు చల్లొద్దని. మోదకమంటే లడ్డూ కూడా. రాజుగారు లడ్డూలు తెప్పించారు! ఆ సిగ్గుతో సంస్కృతం నేర్చుకోవాలని పట్టుబట్టాడు. ఆరేళ్లు పడుతుందన్నాడు గుణాఢ్యుడు. ఆరు నెలలు చాలన్నాడు మరో మంత్రి శర్వవర్మ. అదే జరిగితే మూడు భాషలూ వదిలేస్తానని గుణాఢ్యుడు పందెం కాశాడు. శర్వవర్మ అన్నట్టే నేర్పాడు. పందెం ఓడిన గుణాఢ్యుడు సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేసి అడవి పట్టాడు. ఇక అతనికి మిగిలింది పిశాచాల భాష. ఒక్క సంధి విడదీయడం రాకపోవడం ఎంత దూరం తెచ్చిందో!

అడవిలో సిరా లేదు. కాణభూతి నోట విన్న కథను ఏడేళ్లపాటు తన నెత్తుటితో ఏడు లక్షల శ్లోకాలుగా రాశాడు. పైశాచీ భాష, పైగా నెత్తురు అని రాజు ఈసడించుకున్నాడు. అప్పుడు గుణాఢ్యుడు కొండ మీద నిప్పు రాజేసి, ఒక్కో ఆకూ చదవడం, మంటలో వేయడం మొదలుపెట్టాడు. చుట్టూ జింకలు, దున్నలు, పందులు మేత మానేసి, కన్నీళ్లు పెట్టుకుని వింటున్నాయి.

ఇక్కడ ఈ సంగతి బయటపడే తీరు నాకు మహా ఇష్టం. రాజుకు జబ్బు చేసింది. వైద్యులు సారంలేని ఎండుమాంసం వల్లనన్నారు. వంటవాళ్లు వేటగాళ్ల మీదికి తోశారు. జంతువులే బక్కచిక్కాయని వేటగాళ్లు చెప్పారు. రాజు పరుగున వెళ్లేసరికి ఆరు లక్షల శ్లోకాలు బూడిదయ్యాయి. శిష్యుల కోసం దాచిన, ఆ ఏడుగురు చక్రవర్తుల్లో ఒకడైన నరవాహనదత్తుడి కథ ఒక్కటే, లక్ష శ్లోకాలు, మిగిలింది.

ఆ శిష్యుల దగ్గరే నేర్చుకుని, ఈ పుస్తకం ఎలా పుట్టిందో చెప్పే కథాపీఠాన్ని రాజే ముందు చేర్చాడట. ఇంతసేపూ నేను మీకు చెప్పింది అదే.