రీలు తిప్పితే నాలుగు గంటలు

అందరికీ నమస్కారం. పాత పేపర్ల పేజీల్ని చిన్నగా ఫొటో తీసి దాచిన ఫిల్మ్ రీలే మైక్రోఫిల్మ్, దాన్ని పెద్దగా చూపించే యంత్రం రీడర్. మీలో ఎంతమంది నిజంగా ఆ మైక్రోఫిల్మ్ రీడర్ ముందు కూర్చున్నారో నాకు తెలియదు. బల్ల చుట్టూ చేరి, తలా ఒక పాత్ర తీసుకుని కథ నడిపిస్తూ ఆడే రోల్ ప్లేయింగ్ గేముల్లో మాత్రం చాలామంది కూర్చునే ఉంటారు. మిస్టరీ కథ మొదలైతే చాలు, "లైబ్రరీకి వెళ్లి పాత పేపర్లు తిరగేస్తా" అని ఎవరో ఒకరు అంటారు. పాచికలు వేస్తారు. ఆట నడిపించే గేమ్ మాస్టర్ ఒక కాగితం చేతిలో పెడతాడు. అంతే, వెతుకులాట అయిపోయింది! నా గొడవంతా దీని గురించే.

1981లో కేయోసియం సంస్థ 'కాల్ ఆఫ్ క్థుల్హు' అనే భయానక మిస్టరీ ఆటను తెచ్చింది. రూపకర్త శాండీ పీటర్సన్. అందులో లైబ్రరీలో వెతకడం కూడా తుపాకీ పేల్చడం లాగే ఒక నైపుణ్యం. దానికి ఒకసారి పాచికలు వేస్తే నాలుగు గంటలు గడిచినట్టు లెక్క. ఆ నాలుగు గంటల్నీ మనం ఒక్క వాక్యంలో దాటేస్తున్నాం.

ఇంకో పొరపాటు కూడా చేస్తాం. ఆ ఆట ఎక్కువగా 1920ల అమెరికాలో నడుస్తుంది. అప్పటి లైబ్రరీలో పేపర్ల మైక్రోఫిల్మ్ ఎక్కడిది? జార్జ్ మెకార్తీ అనే బ్యాంకు ఉద్యోగి ఆ దశాబ్దంలో తయారుచేసిన యంత్రం చెక్కుల్ని ఫొటో తీయడానికి. న్యూయార్క్ టైమ్స్‌ను ఫిల్మ్‌కి ఎక్కించడం మొదలైంది 1935లో. కాబట్టి 1925 నాటి మీ హీరో బైండు చేసిన సంపుటాలే మోయాలి. లేదంటే పత్రికాఫీసులో పాత కత్తిరింపుల గదికి వెళ్లాలి. దాన్ని అక్కడ 'మార్గ్' అంటారు, అంటే శవాల గది. దెయ్యాల కథకి అంతకన్నా ఏం కావాలి?

కథ 1970లలో పెడితే రీలు ఎక్కించండి. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్, చుట్ట విప్పితే దాదాపు 30 మీటర్లు. నెగెటివ్ అయితే నల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలు. పేరు కొట్టి వెతకడం కుదరదు. అందుకే నేను ముందు "ఏ పేపరు? ఏ నెల?" అని అడుగుతాను. చెప్పలేకపోతే ఇండెక్స్ చూడమంటాను, ఇండెక్స్ లేని ఊరి పేపరైతే రోజు తర్వాత రోజు తిప్పాల్సిందే. తిప్పుతుంటే పెళ్లిళ్లు, చావులు, సబ్బు ప్రకటనలు పక్కనుంచి పోతుంటాయి. నేను రెండో క్లూ దాచేది వాటిలోనే.

పాచిక తప్పితే క్లూ ఇవ్వకూడదా? రాబిన్ లాస్ ఇలాంటి మిస్టరీ ఆటల కోసం రూపొందించిన గమ్‌షూ అనే నియమాల పద్ధతిలో, సరైన నైపుణ్యంతో సరైన చోట వెతికితే ముఖ్యమైన క్లూ తప్పకుండా దొరుకుతుంది. నేనూ ఇస్తాను, కానీ టైము తీసుకుంటాను. లైబ్రరీ మూసే వేళవుతుంది, బయట చీకటి పడుతుంది. ఆ టెన్షన్ చాలు.

నాకు బాగా నచ్చిన ఎత్తు ఇంకోటి ఉంది. ఫిల్మ్ తీశాక చాలా లైబ్రరీలు అసలు పేపర్లను వదిలించుకున్నాయి. మీ రీల్లో పదకొండో తేదీ తర్వాత పదమూడు వచ్చిందనుకోండి. పన్నెండో తేదీ పేపరు ఎవరి అటక మీదుందో ఇక ఆటగాళ్లే వెతుక్కోవాలి.

ఆటలో ఇచ్చే పేపరు ముక్కల్ని నేను నల్లగా, తెల్ల అక్షరాలతో ప్రింటు తీస్తాను. మొన్న ఒక కుర్రాడికి కావాలనే తలకిందులుగా ఇచ్చాను. పావుగంట మెడ వంచి చదివాడు గానీ, కాగితం తిప్పాలని తట్టలేదు.