దాత క్రియాటినిన్ 3 ఉంటే ఆ కిడ్నీ పనికిరాదా?

నమస్కారం, అనంతపురం నుంచి మాట్లాడుతున్నాను. డయాలసిస్ చేయించుకునేవాళ్ల ఇళ్లలో ఈ మధ్య ఒక మాట పదేపదే వింటున్నాను. "బ్రెయిన్ డెడ్ అయిన మనిషికి క్రియాటినిన్ 3 ఉందంట. పాడైన కిడ్నీ మనకెందుకు?" అని. క్రియాటినిన్ అంటే కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, కిడ్నీ సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరుగుతుంది. ఆ ఒక్క అంకె చూసి మంచి కిడ్నీని వదులుకుంటారేమోనని నాకు బాధేస్తుంది.

(వాడిన మొక్కను కెమెరాకు దగ్గరగా పట్టుకుని)

ఇది మా చేన్లో పీకిన చెనిక్కాయ మొక్క. ఇరవై రోజులుగా వాన లేదు. ఆకులు చూడండి, ఎట్లా ముడుచుకున్నాయో. దారిన పోయేవాళ్లు పంట పోయిందంటారు. మా నాయన మాత్రం వేరు గిల్లి చూస్తాడు. ఇదిగో, లోపల తెల్లగా, తడిగా ఉంది. ఒక్క పదును వాన పడితే లేస్తుంది.

క్రియాటినిన్ ఈ ఆకు లాంటిది. ఐసీయూలో ఉన్న దాతకు బీపీ పడిపోతే కిడ్నీకి రక్తం సరిగా అందదు. అదే బెట్ట. కిడ్నీలోని సన్న నాళాల కణాలు దెబ్బతిని క్రియాటినిన్ పెరుగుతుంది. కానీ ఆ కణాలు మళ్లీ పుడతాయి. ఇలాంటి కిడ్నీ పెట్టించుకున్నవాళ్లకు మొదటి వారంలో డయాలసిస్ అవసరమయ్యే అవకాశం ఎక్కువే. ఏళ్లు గడిచాక చూస్తే మాత్రం మిగతావాటితో దాదాపు సమానంగానే పనిచేస్తున్నాయి. అదే ఏళ్ల తరబడి షుగరు, బీపీ ఉండి లోపలి వడపోత భాగం మచ్చకట్టి గట్టిపడితే, అది వేరుకుళ్లు. మళ్లీ బాగుపడదు. పైనుంచి చూస్తే రెండు మొక్కలూ వాడినట్టే ఉంటాయి!

పైగా ఆకు ఆలస్యంగా వాడుతుంది. క్రియాటినిన్ పెరగడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది. మూత్రంలో ఎన్‌గాల్ అనే ప్రోటీన్ కొన్ని గంటల్లోనే పెరుగుతుంది. అందుకే దానిమీద చాలా ఆశ పెట్టుకున్నారు. అమెరికాలో 1,304 మంది దాతల మూత్రం పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. దాత కిడ్నీకి దెబ్బ తగిలిన సంగతి ఎన్‌గాల్ బాగానే పట్టించింది. తీసుకున్న మనిషిలో అది ఎలా పనిచేస్తుందో చెప్పడంలో పెద్దగా ఉపయోగపడలేదు. బెట్ట ఎంత కొట్టిందో తెలిసింది, మొక్క లేస్తుందో లేదో తెలియలేదు.

నాకు బాగా నచ్చింది వైకేఎల్-40. దెబ్బతిన్న చోట మరమ్మతు సాగుతుంటే పెరిగే ప్రోటీన్ ఇది. 2017లో వచ్చిన అధ్యయనంలో, దాత మూత్రంలో ఇది ఎక్కువుంటే తీసుకున్నవాళ్లకు మొదటి వారం డయాలసిస్ అవసరం తగ్గింది. అంటే మొక్కకు చిగురు కనబడినట్టే కదా! ఇంకా మామూలు పరీక్షగా మాత్రం రాలేదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. బయాప్సీ, అంటే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం, వేరు గిల్లి చూడడం లాంటిదే. కిడ్నీ ఐసులో ఎన్ని గంటలుందన్నదీ ముఖ్యమే, ఎంత తక్కువైతే అంత మేలు.

అవయవదానం కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్‌లో కిడ్నీకి పేరు రాయించుకున్నవాళ్లూ, ఫోన్ వస్తే ఇప్పటి క్రియాటినిన్ ఒక్కటే అడగొద్దు. ఆసుపత్రిలో చేరిన రోజు ఎంత ఉండిందో అడగండి. వయసెంత, షుగరు, బీపీ ఎన్నేళ్లుగా ఉన్నాయో డాక్టరును అడగండి. చేరిన రోజు 0.9 ఉండి, ఇప్పుడు 3 అయిందంటే చాలావరకు అది బెట్టే.