నరసాపురం లేసులో లొబచేవ్‌స్కీ జ్యామితి

(దృశ్యం: వశిష్ఠ గోదావరి ఒడ్డున ఒక ఇంటి అరుగు. కొక్కెపు సూదితో లేసు అల్లుతున్న చేతులు, బాగా దగ్గరగా.)

వ్యాఖ్యానం: నరసాపురం చుట్టుపక్కల గుండ్రటి లేసు అల్లే స్త్రీల వేళ్లకు ఒక లెక్క తెలుసు. పొట్టి కుట్లు ఆరింటితో మొదలుపెట్టి, చుట్టుకు మరో ఆరు చొప్పున పెంచుకుంటూ పోతే అల్లిక చదునుగా పరుచుకుంటుంది. ఆ కుట్టు ఎత్తు, వెడల్పు దాదాపు సమానం; వ్యాసార్థం ఒక కుట్టు పెరిగినప్పుడు చుట్టుకొలత 6.28 కుట్లు పెరగాలి కనుక ఆరు సరిపోతుంది. అంతకంటే తక్కువ పెంచితే అల్లిక గిన్నెలా ముడుచుకుంటుంది. ఎక్కువ పెంచితే అంచు కోడిజుట్టు పువ్వులా కుచ్చిళ్లు పడుతుంది. బేరానికి పనికిరాదని పక్కన పెట్టే ఆ కుచ్చిళ్ల ముక్కతోనే మనకు పని.

(దృశ్యం: ఒక సరళరేఖ, దానికి బయట ఒక బిందువు.)

ఆ బిందువు గుండా ఈ రేఖకు ఒకే ఒక్క సమాంతర రేఖ గీయగలమని బడిలో చదువుకున్నాం. అనేకం గీయగల జ్యామితి కూడా సాధ్యమేనని 1829లో రష్యాలో లొబచేవ్‌స్కీ, 1832లో హంగరీలో బోయాయ్ అనే గణితవేత్తలు ప్రకటించారు. తర్కం నిలిచింది గాని, కంటికి చూపడం కష్టమైంది. డచ్ కళాకారుడు ఎషర్ 1959లో ఒక వృత్తం నిండా చేపలు చెక్కి ఆ జ్యామితిని చూపించాడు. గొప్ప చిత్రమే, అయితే ఆ జ్యామితిలో సమానమైన చేపలు కాగితం మీద అంచుకు చేరేకొద్దీ చీమలంత అయిపోతాయి.

(దృశ్యం: నూలు ఉండ, కుచ్చిళ్లు పడుతున్న అల్లిక.)

1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో లాత్వియా గణితవేత్త డైనా టైమిన ఆ జ్యామితిని చేతికి అందేలా చూపడానికి కాగితాన్ని వదిలి కొక్కెపు సూది పట్టారు. ఇన్ని కుట్లకు ఒకటి అదనం, ప్రతి వరుసలోనూ అదే నిష్పత్తి. ఉదాహరణకు 20 కుట్లతో మొదలుపెట్టి అయిదింటికి ఒకటి పెంచితే, పది వరుసలకు సుమారు 120, ఇరవై వరుసలకు సుమారు 770 కుట్లవుతాయి. చుట్టుకు ఆరే పెంచి ఉంటే 140 దగ్గర ఉండేవాళ్లం. ఇక్కడ అంచు కుట్టు కూడా నడిమి కుట్టంతే ఉంటుంది కనుక, నా దృష్టిలో ఎషర్ చిత్రం కంటే ఈ అల్లికే నమ్మదగినది. 2005 నుంచి మార్గరెట్, క్రిస్టీన్ వర్థైమ్ అనే సోదరీమణులు ఇదే అల్లికతో పగడపు దిబ్బలు రూపొందిస్తున్నారు.

(దృశ్యం: అల్లికను మడతపెట్టి, మడత వెంట ఎర్రదారం కుడుతున్న చేయి.)

ఈ అల్లికపై మడతే సరళరేఖ. మూడు మడతల వెంట ఎర్రదారంతో ఒక త్రిభుజం కుట్టి, మూలలను ఒక్కొక్కటిగా చదును చేసి కోణమానినితో కొలిస్తే మొత్తం 180 డిగ్రీలకు తక్కువే వస్తుంది. త్రిభుజం పెద్దదయ్యేకొద్దీ ఆ మొత్తం ఇంకా తగ్గుతుంది.