గ్యాస్ ట్యాక్స్ ఎత్తేస్తే ఎవరికి ఎంత మిగిలింది? మా కమ్మింగ్ బంకు దగ్గర లెక్క

అందరికీ నమస్తే అండి. ఈరోజు జూన్ 27, 2022, సోమవారం. జార్జియాలో, అట్లాంటాకి ఉత్తరాన ఉండే కమ్మింగ్‌లో, మా ఇంటికి దగ్గర్లో ఉన్న బంకుకి వచ్చాను. ఇక్కడ పెట్రోలుని గ్యాస్ అంటారు, బంకుని గ్యాస్ స్టేషన్ అంటారు గానీ నా నోటికి ఇప్పటికీ బంకు అనే వస్తుంది. టైము ఉదయం ఆరున్నర. పిల్లల్ని సమ్మర్ క్యాంపులో దింపే లోపు ట్యాంకు నింపుకుందామని ముందే బయల్దేరాను.

బోర్డు మీద చూడండి, రెగ్యులర్ పెట్రోలు గ్యాలన్, అంటే దాదాపు 3.8 లీటర్లు, 4.39 డాలర్లు. పోయినేడు ఇదే నెలలో ఇదే బంకులో మూడు డాలర్లలోపే ఉండేది. నా కారుకి ఇప్పుడు సరిగ్గా 14 గ్యాలన్లు పట్టింది, 61 డాలర్ల 46 సెంట్లు. మా వారి కారు కూడా కలిపితే నెల తిరిగేసరికి ఎంతవుతుందో మీరే ఊహించుకోండి. అయినా మాది తక్కువేనండి. ఈ నెల రెండో వారంలో దేశం మొత్తం సగటు మొదటిసారి 5 డాలర్లు దాటింది, 14వ తేదీన 5.02కి చేరింది. కాలిఫోర్నియాలో అయితే 6 డాలర్లు దాటి చాలా రోజులైంది.

మరి మాకెందుకు తక్కువ? మార్చి 18న మా గవర్నర్ బ్రయాన్ కెంప్ గ్యాస్ మీద రాష్ట్ర పన్నును తాత్కాలికంగా ఎత్తేశారు. గ్యాలన్‌కి 29.1 సెంట్లు. అసెంబ్లీలో రెండు పార్టీల వాళ్లూ కలిసే ఓటేశారు. మే ఆఖరుకి అయిపోవాల్సింది, జూలై 14 దాకా పొడిగించారు. నవంబరులో ఆయన మీద పోటీ చేస్తున్న స్టేసీ అబ్రామ్స్ ఈ ఏడాది ఆఖరి దాకా ఎత్తేయమని అడుగుతున్నారు. ఇక పోయిన బుధవారం ప్రెసిడెంట్ బైడెన్ ఫెడరల్ పన్ను కూడా మూడు నెలలు ఆపమని కాంగ్రెస్‌ని అడిగారు. అది గ్యాలన్‌కి 18.4 సెంట్లు, 1993 నుంచి ఒక్క సెంటు కూడా మారలేదు. మా సెనేటర్ వార్నాక్ అయితే ఫిబ్రవరిలోనే దీనికి బిల్లు పెట్టారు. రిపబ్లికన్లు ఒప్పుకోవడం లేదు, బైడెన్ సొంత పార్టీలో కూడా చాలామందికి మనసు లేదు. 2008లో ఇలాంటి ప్రతిపాదనే వస్తే ఒబామా అది జిమ్మిక్కు అన్నారు, ఇప్పుడు అందరూ ఆ మాటే తవ్వి తీస్తున్నారు.

నిన్న మధ్యాహ్నం ఫ్రెండ్ వాళ్లింట్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి వెళ్లాం. గుత్తివంకాయ వడ్డించుకునేలోపే గ్యాస్ రేటు మీద వాదన మొదలైంది. ఒక అన్నయ్య, బైడెన్ వచ్చిన రోజే కెనడా నుంచి ముడిచమురు తెచ్చే కీస్టోన్ పైప్‌లైన్ ఆపేశాడు, అందుకే ఈ గతి అన్నారు. ఇంకో అన్నయ్య, ఆయిల్ కంపెనీలు దోచుకుంటున్నాయి, లాభాల మీద పన్ను వేస్తే దారికొస్తారు అన్నారు. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే, కానీ ఇద్దరి మాటా నాకు పూర్తిగా నిలబడలేదు. కీస్టోన్ ఎక్స్‌ఎల్ పర్మిట్ రద్దు చేసేనాటికి ఆ పైప్‌లైన్ పదో వంతు కూడా వేయలేదు. ఆపకపోయినా ఈ వేసవికి అందులో నూనె పారేది కాదు. ఇక కంపెనీల లాభాలు పెరిగిన మాట నిజమే. కానీ ముడిచమురు రేటు ప్రపంచ మార్కెట్లో తేలుతుంది, ఫిబ్రవరిలో రష్యా యుద్ధం మొదలుపెట్టాక అది ఎలా ఎగబాకిందో చూశాం. పైగా కోవిడ్ టైములో ఇక్కడ కొన్ని రిఫైనరీలు మూతపడ్డాయి. రోజుకి దాదాపు పది లక్షల బ్యారెళ్లు శుద్ధి చేసే సామర్థ్యం పోయింది. అందుకే టెక్సాస్, లూసియానాల్లో భూమి లోపల ఉప్పు గుహల్లో దాచిన ప్రభుత్వ నిల్వల నుంచి రోజుకి పది లక్షల బ్యారెళ్ల ముడిచమురు తీసి అమ్ముతున్నా, పంపు దగ్గర మనకి ఆశించినంత తగ్గడం లేదు. ముడిచమురు ఉంటే చాలదు కదండీ, దాన్ని పెట్రోలు చేసేవాళ్లు కూడా ఉండాలి.

నాకు ఈ వాదనల కంటే ఎక్కువ ఆలోచన తెప్పించిన సంగతి ఒకటి పోయిన గురువారం ఇదే బంకులో జరిగింది.

మా వీధిలో నాలుగు ఇళ్లు క్లీన్ చేసే ఒకావిడ ఉన్నారు. మెక్సికో నుంచి వచ్చి చాలా ఏళ్లయింది, ఇద్దరు పిల్లలు, ఒంటరి తల్లి. గెయిన్స్‌విల్ వైపు నుంచి పాత వ్యాన్ వేసుకుని వస్తారు, వెనక సీట్లు తీసేసి వ్యాక్యూమ్, బకెట్లు పెట్టుకుంటారు. ఆ రోజు నా పక్క పంపు దగ్గరే ఆగారు. లోపలికి వెళ్లి కౌంటర్‌లో ఇరవై డాలర్ల నోటు ఇచ్చి వచ్చారు. నాజిల్ పెట్టి, పంపు మీద అంకెల్నే చూస్తూ నిలబడ్డారు. పద్దెనిమిది, పంతొమ్మిది దాటాక పంపు నెమ్మదించి, సరిగ్గా ఇరవై దగ్గర టక్కుమని ఆగింది. నాలుగున్నర గ్యాలన్లు. నాజిల్ బయటికి తీసే ముందు రెండుసార్లు దులిపారు, చివరి చుక్క కూడా ట్యాంకులోనే పడాలని. ఫుల్ ట్యాంక్ కొట్టించి ఎన్నాళ్లయిందో అన్నారు. మా కారు పంపు మీద అప్పటికి యాభై దాటి ఇంకా తిరుగుతూనే ఉంది.

ఇంటికొచ్చాక లెక్క వేశాను. పన్ను ఎత్తేసినందుకు ఆ రోజు నాకు మిగిలింది 4 డాలర్ల 7 సెంట్లు. ఆమెకి 1 డాలరు 33 సెంట్లు. మా వీధి చివర పెద్ద ఎస్‌యూవీ ఉంది, దాని ట్యాంకు 24 గ్యాలన్లు, వాళ్లకి ఒక్కసారికి ఏడు డాలర్లు. అంటే ఎవరు ఎక్కువ తగలేస్తే వాళ్లకే ఎక్కువ సాయం అన్నమాట. ఎవరికి ఇరవై డాలర్లే గగనమో వాళ్లకి చిల్లర. బైడెన్ అడిగిన ఫెడరల్ పన్ను కూడా పోతే ఆమెకి ఇంకో 84 సెంట్లు కలుస్తాయి. అదీ బంకువాళ్లు ఆ మొత్తం రేటులో తగ్గిస్తేనే.

మరి సాయం చేయడానికి వేరే దారి లేదా అంటే, మా రాష్ట్రమే చేసి చూపించింది. మిగులు నిధుల్లోంచి ఈ వేసవిలో ట్యాక్స్ రిఫండ్ పంపారు. ఒంటరిగా ట్యాక్స్ ఫైల్ చేసినవాళ్లకి 250 వరకు, ఒక్కరే కుటుంబాన్ని పోషించే హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ అయితే 375 వరకు, భార్యాభర్తలు కలిపి ఫైల్ చేస్తే 500 వరకు. ఆమెకి 375 వచ్చాయట. వాటితో వ్యాన్‌కి ముందు టైర్లు రెండూ మార్పించుకున్నారు, గురువారం నాకు ఎంత సంతోషంగా చూపించారో. బంకులో డాలరు ముప్పై మూడు చొప్పున 375 మిగలాలంటే ఆమె 280 సార్లకు పైనే గ్యాస్ కొట్టించుకోవాలి. నేనైతే గవర్నర్‌గారిని గానీ అబ్రామ్స్‌గారిని గానీ అడిగేది ఇదే. పన్ను వసూలు చేయండి, ఆ డబ్బు తక్కువ సంపాదించేవాళ్ల చేతికి ఇవ్వండి. రిఫండ్ మాకూ వచ్చింది, మాకు అంత అవసరం లేదు, నిజంగా చెప్తున్నాను. పైగా గ్యాస్ పన్ను డబ్బు ఈ రాష్ట్రంలో రోడ్లకీ వంతెనలకీ వెళ్లాల్సిన డబ్బు. ఏడాదంతా అది రాకపోతే ఆ గుంట ఎక్కడో పూడ్చాలి కదా.

శనివారం రాత్రి నాన్నకి ఫోన్ చేసినప్పుడు కూడా ఇదే మాట వచ్చింది. "ఏమ్మా, అక్కడ పెట్రోలు మండిపోతోందంటగా, టీవీలో చూపిస్తున్నారు" అన్నారు. ఉప్పల్‌లో ఉంటారు నాన్న, ఈ వయసులో కూడా మార్కెట్‌కి స్కూటర్ మీదే వెళ్తారు. హైదరాబాద్‌లో ఇప్పుడు లీటరు 109 రూపాయల 66 పైసలు. మా 4.39 డాలర్ల గ్యాలన్‌ని లీటర్లలోకి, రూపాయల్లోకి మారిస్తే లీటరు తొంభై రూపాయలు చిల్లర పడుతుంది. జీతాలు అక్కడెంత, ఇక్కడెంత! అక్కడ లీటర్లో కేంద్రం ఎక్సైజ్ 19.90, దాని మీద తెలంగాణ వ్యాట్ 35.2 శాతం, రెండూ కలిపి 48 రూపాయల పైమాటే. మేలో కేంద్రం 8 రూపాయలు తగ్గించింది. ఏప్రిల్‌లో ప్రధాని మోదీ, మన రెండు రాష్ట్రాల పేర్లూ చెప్పి మరీ, మీరూ వ్యాట్ తగ్గించండి అన్నారు. సెస్సులు పెంచింది మీరు, మాకు అందులో వాటా లేదు, తగ్గించాల్సింది మేమా అని తెలంగాణ ప్రభుత్వం అంది. "వాళ్లిద్దరి మధ్యా మనం నలుగుతున్నాం తల్లీ" అన్నారు నాన్న. అయినా నాన్నకి ఇంటి ముందే బస్సుంది, ఉప్పల్‌లో మెట్రో ఉంది. స్కూటర్ తీయకపోయినా రోజు గడుస్తుంది.

ఇక్కడ అలా గడవదు, నా బాధంతా అదే. మా కౌంటీలో రోజూ ఒక రూటులో తిరిగే సిటీ బస్సు లేదు. అట్లాంటాలో రైళ్లూ బస్సులూ నడిపే మార్టా వాళ్ల రెడ్ లైను రైలు నార్త్ స్ప్రింగ్స్‌లో ఆగిపోతుంది, మా ఇంటి నుంచి ఇరవై మైళ్ల పైనే. పక్కనున్న గ్విన్నెట్ కౌంటీలో, మనవాళ్లు ఎంతోమంది ఉండే సువానీ, డులూత్ ఉన్న కౌంటీలో, మార్టాలో చేరాలా అని 2019 మార్చిలో ఓటు పెడితే 54 శాతం వద్దన్నారు. 2020లో మళ్లీ ప్రజా రవాణా మీద ఓటు పెడితే కొద్దిలో ఓడిపోయింది. అప్పుడు మనవాళ్లలో చాలామంది ఓటు హక్కు వచ్చినవాళ్లు కూడా దీని గురించి మాట్లాడుకోలేదు. గ్యాస్ రెండు డాలర్లున్నప్పుడు రైలు ఎవరికీ గుర్తు రాదు. సిటిజన్‌షిప్ వచ్చినవాళ్లందరికీ చేతులు జోడించి అడుగుతున్నాను, ఈసారి అలాంటి ఓటు వస్తే దయచేసి వెళ్లి వేయండి.

ఈలోపు మేం చేస్తున్నవి చెప్తాను. మా వారు, ఇంకో ఇద్దరు కలిసి ఒకే కారులో నార్త్ స్ప్రింగ్స్ దాకా వెళ్లి అక్కడ పార్క్ చేసి మిడ్‌టౌన్‌కి రైలెక్కుతున్నారు. టికెట్ రెండున్నర డాలర్లు. పొద్దున ఓ ఇరవై నిమిషాలు ముందు బయల్దేరాలి, సాయంత్రం ఒకరి మీటింగ్ లేటయితే ముగ్గురూ ఆగాలి. మొదటి వారం కాస్త చిరాకు పడ్డారు, ఇప్పుడు అలవాటైంది. పిల్లల క్యాంపుకి మా వాట్సాప్ గ్రూపులో నలుగురు అమ్మలం వంతులు వేసుకున్నాం, ఈరోజు నా వంతు.

ఇంకోటి, ఆమె క్లీన్ చేసే నాలుగు ఇళ్ల వాళ్లం శుక్రవారం మాట్లాడుకున్నాం. గ్యాస్ దిగొచ్చేదాకా అని కాకుండా, ఇక నుంచి ఒక్కో ఇంటికీ వచ్చిన ప్రతిసారీ పది డాలర్లు పెంచుతున్నాం. ఈ గురువారం మొదలు. కవర్ రాసి ఫ్రిజ్ మీద పెట్టాను.

జూలై 14కి గవర్నర్‌గారు మళ్లీ పొడిగిస్తారో లేదో చూద్దాం, ఆ వారం ఇదే బంకులో మళ్లీ కలుస్తాను. మీ ఊళ్లో గ్యాలన్ ఎంతుందో, లీటరు ఎంతుందో కింద రాయండి. అమ్మో, ఏడవుతోంది, ముగ్గురు పిల్లల్ని ఎక్కించుకోవాలి. ఉంటానండి.