కొండ తాతకి పేరెందుకు లేదు?

నమస్కారం, పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నా. పిల్లల పుస్తకాల మీద వీడియో పెట్టినప్పుడల్లా కామెంట్లలో ఒకటే మాట: "మా పుస్తకంలో గిరిజనులు కూడా ఉన్నారండీ, ఇంకేం కావాలి?" ఉన్నారు, సరే. ఉండి ఏం చేస్తున్నారు?

(తెర మీద: కొండ, ఏడుస్తున్న కుర్రాడు, విల్లు పట్టుకున్న ముసలాయన)

ఈ కథ మీరు ఏదో ఒక రూపంలో చదివే ఉంటారు. పట్నం కుర్రాడు రవి పిక్నిక్‌కి కొండకొచ్చి దారి తప్పుతాడు. తలలో ఈక పెట్టుకున్న తాత ఒకాయన వచ్చి, భుజాన ఎత్తుకుని కిందకి దించుతాడు. రవి నాన్న ఆయనకి దుప్పటి ఇస్తాడు. "కొండవాళ్లు ఎంత మంచివాళ్లో!" అయిపోయింది.

ఇందులో ఒక్క తిట్టు లేదు. అందుకే వివక్ష ఎక్కడుందని అడుగుతారు. తాతకి పేరు లేదండీ. నోరు విప్పడు. ఇల్లుందో, మనవలున్నారో తెలీదు. రవికి కష్టమొస్తే వస్తాడు, తీరగానే మాయం.

తలలు లెక్కపెడితే చాలదని అమెరికాలో ఎప్పుడో తేలింది. 1962–64లో వచ్చిన 5,206 పిల్లల పుస్తకాల్లో నల్లజాతి మనిషి ఒక్కరైనా కనిపించినవి 6.7 శాతమేనని 1965లో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త రాశారు. అందరూ ఆ అంకె దగ్గరే ఆగిపోతారు. ఆ కాలపు నల్లజాతివాళ్ల జీవితం చెప్పినవి ఒక్క శాతం కూడా లేవు. నాకైతే అసలు దెబ్బ అక్కడుంది.

మన సంగతికొద్దాం. 1936లో మన ఊరు ఒడిశాలో కలిసింది. ఒడియా బడి పుస్తకంలో మన పిల్లకి ఉగాది కనపడకపోతే మనకి ఒళ్లు మండుతుంది. న్యాయమే. మరి మనం కొనే తెలుగు పుస్తకంలో, మన పక్క కొండల్లో ఉండే గిరిజనుల్లో ఒకరైన సవర తాతకి పేరు లేకపోతే? పేజీ తిప్పేస్తాం.

సరే, కథ మార్చేద్దాం. ఈయన గమాంగో తాత. పొద్దుట్నుంచీ పొలంలో జారిన రాతి కట్ట పేర్చుకుంటున్నాడు. సవరల మెట్ల పొలాలు చూశారా? కొండ వాలుని మెట్లు మెట్లుగా చేసి, మట్టి జారకుండా రాళ్లు పేర్చి, నీళ్లు పై మడిలోంచి కింది మడిలోకి దిగేలా చేసి వరి పండిస్తారు. ఇంత పని తెలిసిన మనిషి చేతికి బొమ్మలేసేవాళ్లు ఎప్పుడూ విల్లే ఇస్తారేంటో!

రవి ఆ కట్ట ఎక్కుతాడు, రాయి ఊడుతుంది. తాత కేకలేస్తాడు. చూశారా, నోరు విప్పాడు, పైగా కోపం కూడా వచ్చింది! అయితే తిట్టింది తన సవర భాషలో. రవికి ముక్క అర్థం కాదు. ఒడియా, సవర రెండూ వచ్చిన మనవరాలు చెప్పాలి. ఇప్పుడు భాష రానిది ఎవరికి?

"సవరకి లిపెక్కడిదండీ" అనేవాళ్లకి: ఆ 1936లోనే మంగై గమాంగో సొరాంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. మన ఊళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి అంతకుముందే సవర నేర్చుకుని పుస్తకాలు రాశారు. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు కూడా తెచ్చారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజని దండలేస్తాం గానీ, ఈ పని ఎంతమంది తలుచుకుంటారు?

దుప్పటి తీసేశాను. రవి సాయంత్రం దాకా రాళ్లు మోస్తాడు.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా. కాలు సరిగా లేని పిల్ల, చివర్లో కాలు బాగయితేనే సంతోషపడుతుందా? దొంగ ప్రతిసారీ నల్లగానే ఉంటాడా? వంటింట్లో అమ్మ తప్ప ఇంకెవరూ ఉండరా? కొనేముందు అట్ట చూసి మోసపోకుండా నాలుగు పేజీలు తిప్పి, మాట్లాడేదెవరో, ఊరికే నిలబడేదెవరో చూడండి. కొనే వీల్లేకపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు, ఒడియా కథలు ఉచితంగా ఉన్నాయి. అక్కడా ఇలాగే తిప్పి చూసే తీసుకోండి. ఉచితమని వదిలేయొద్దు.