క్యాన్సిల్ బటన్ ఎవరి చేతిలో ఉండాలి?

అందరికీ నమస్కారం. నిర్వాహకులకు థ్యాంక్స్. భోజనాల ముందు స్లాట్ ఇచ్చారు కాబట్టి మిగతా మర్యాదలన్నీ ప్లేట్లు పట్టుకున్నాక చూసుకుందాం.

టాపిక్ ఏపీఐ రెస్పాన్సుల్లో హైపర్‌మీడియా లింకులు, అంటే యాప్ అడిగినదానికి సర్వర్ ఇచ్చే జవాబులోనే తర్వాత ఏం చేయొచ్చో చెప్పే లింకులు. చరిత్ర కొంచెమే చెప్తా. రెస్ట్ అనే డిజైన్ పద్ధతి పేరు రాయ్ ఫీల్డింగ్ 2000లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, అర్వైన్‌కి ఇచ్చిన పీహెచ్‌డీ థీసిస్‌లోంచి వచ్చింది. అందులో ఆయన పెట్టిన షరతుల్లో ఒకటి, క్లయింటు, అంటే యాపో బ్రౌజరో, తర్వాత ఏం చేయొచ్చో, ఎక్కడికి వెళ్లొచ్చో సర్వర్ పంపే రెస్పాన్సులోనే ఉండాలని. బ్రౌజర్ రోజూ చేసేది అదే కదా! మనం మాత్రం జేసన్ ఫార్మాట్‌లో డేటా పంపాం, గెట్, పోస్ట్ అనే హెచ్‌టీటీపీ మెథడ్లు వాడాం, రెజ్యూమేలో రెస్ట్ అని రాసేసుకున్నాం. హెచ్‌టీటీపీ, అంటే వెబ్ వాడే ప్రోటోకాల్, మీద నడిచే ప్రతిదాన్నీ రెస్ట్ అంటున్నారేమిటని 2008లో ఆయనే విసుక్కుంటూ రాశాడు. విన్నదెవరు?

సరే, ఇక్కడ స్లైడ్లు ఆపేస్తున్నా. ఇంకా చాలా ఉన్నాయి గానీ, నేను చెప్పాలనుకున్నది వాటిలో లేదు.

నేనొక కిరాణా డెలివరీ కంపెనీలో సర్వర్ వైపు పనిచేశాను. పేరొద్దు. ప్యాకింగ్ మొదలయ్యేదాకా ఆర్డర్ క్యాన్సిల్ చేసుకోవచ్చు, అదీ రూలు. ఆ రూలు ఎక్కడుంది? సర్వర్లో ఉంది. ఆండ్రాయిడ్ యాప్‌లో ఉంది. ఐఫోన్ యాప్‌లో ఉంది. వెబ్‌సైట్‌లో ఉంది. స్టేటస్ 'ప్యాక్డ్' అయితే బటన్ దాచు, లేకపోతే చూపించు అని ఎవరికి వాళ్లు ఇఫ్ కండిషన్ రాసుకున్నారు. ఒకరోజు గోడౌన్ వాళ్లకి కొత్త స్టేటస్ కావాల్సొచ్చింది, 'సగం ప్యాకైంది' అని. సర్వర్లో చేర్చాం. పాత యాపులకి ఆ స్టేటస్ తెలియదు. తెలియనిదేదైనా ఎల్స్‌లో, అంటే ఆ 'లేకపోతే' భాగంలో, పడుతుంది, ఎల్స్‌లో బటన్ ఉంది. కస్టమర్ నొక్కుతాడు, సర్వర్ 409 అనే ఎర్రర్ కోడ్ ఇస్తుంది, యాప్ 'ఏదో తప్పు జరిగింది' అంటుంది. ఆ మెసేజ్ రాసినవాళ్లు ఈ హాల్లో ఉంటే దయచేసి చేతులెత్తకండి.

అప్పుడే నేనన్నాను, రూలు యాపుల్లోంచి తీసేద్దాం, ఆర్డర్ రెస్పాన్సులో లింకులు పెడదామని. ఎలా ఉంటుందో చూడండి. ఆర్డర్ నంబరు, స్టేటస్, మొత్తం ఉంటాయి. వాటి కింద 'అండర్‌స్కోర్ లింక్స్' అని ఒక ఆబ్జెక్ట్. అందులో 'సెల్ఫ్', అంటే ఈ ఆర్డర్ యూఆర్ఎల్. 'ఇన్వాయిస్', బిల్లు ఎక్కడుందో. 'క్యాన్సిల్', రద్దు చేయాలంటే ఎక్కడికి పోస్ట్ కొట్టాలో. ప్యాకింగ్ మొదలైందా, తర్వాతి రెస్పాన్సులో 'క్యాన్సిల్' ఉండదు. యాప్ స్టేటస్ వైపు చూడనే అక్కర్లేదు. లింకుంటే బటన్, లేకపోతే లేదు. ఈ ఫార్మాట్ నా సొంతం కాదండీ, మైక్ కెల్లీ 2011లో ప్రతిపాదించిన 'హాల్' (HAL) అనేది.

మా ఆర్కిటెక్టు గారు నవ్వి, "ఈ థియరీ మనకెందుకు, డాక్యుమెంటేషన్ ఉందిగా" అన్నారు. టిఫిన్ సెంటర్లో బోర్డు మీద పెసరట్టు పొద్దుగూకే దాకా ఉంటుంది. ఉందో అయిపోయిందో కౌంటర్ దగ్గరే తెలుస్తుంది. డాక్యుమెంటేషన్ ఆ బోర్డు! చివరికేం చేశారు? అప్‌డేట్ చేస్తేగానీ యాప్ తెరుచుకోకుండా అడ్డుగా ఒక స్క్రీన్ పెట్టారు. కస్టమర్ కేర్ రికార్డింగ్ ఒకటి విన్నాను. ఒక పెద్దాయన, "ఫోన్లో జాగా లేదమ్మా, ఆ అప్‌డేట్ ఎక్కట్లేదు, నువ్వే క్యాన్సిల్ చేసి పెట్టు" అని బతిమాలుతున్నాడు. ఒక ఇఫ్ కండిషన్ కోసం ఆయన మనవరాలి ఫొటోలు చెరిపేసుకోవాలా, మీరే చెప్పండి!

...ఏవండీ, ఎంత టైముంది? పది నిమిషాలా? సరే.

ఇది పుస్తకాల్లో మాటేం కాదు. చెల్లింపుల కంపెనీ పేపాల్ ఏపీఐలో ఆర్డర్ సృష్టిస్తే వచ్చే రెస్పాన్సులో లింకులుంటాయి, ఒక్కోదానికీ యూఆర్ఎల్, సంబంధం పేరు (అది దేనికి లింకో), ఏ మెథడ్ వాడాలో కూడా. కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ పొడవైన జాబితాలను పేజీలుగా విడగొట్టి, వాటి లింకులను రెస్పాన్సుతో వచ్చే 'లింక్' అనే హెడర్‌లో పంపుతుంది, 'నెక్స్ట్', 'లాస్ట్' అని. అక్కడ కొన్ని జాబితాలకు పేజీ నంబరే ఉండదు, ఎక్కడిదాకా చదివామో చెప్పే కర్సర్ అనే గుర్తు ఉంటుంది. పేజీ నంబరు తామే పెంచుకుంటూ పోయేవాళ్ల కోడ్ అక్కడ పనిచేయదు. 'నెక్స్ట్' వెంట వెళ్లేవాళ్లకు ఆ తేడా ఉన్నట్టే తెలియదు. ఆ హెడర్‌కి ప్రమాణం కూడా ఉంది, 2017 నాటి ఆర్ఎఫ్‌సీ 8288. దాని ప్రకారం 'నెక్స్ట్' లాంటివి రిజిస్టరైన పేర్లు. మన సొంత పేర్లయితే యూఆర్ఐ రూపంలో, అంటే వెబ్ అడ్రసులాగా, ఉండాలి. బయటివాళ్లకిచ్చే ఏపీఐ అయితే పాటించండి. ఇంట్లో వాడుకునేదైతే నేనంత పట్టించుకోను.

లింకులు పెడితే అన్నీ వాటంతటవే నడిచిపోతాయని మాత్రం నమ్మకండి. 'క్యాన్సిల్' అంటే ఏమిటో యాప్ రాసేవాడికి ముందే తెలిసుండాలి. హాల్ ఫార్మాట్‌లో మెథడ్ చెప్పే చోటు లేదు, ఏ ఫీల్డులు పంపాలో చెప్పే చోటూ లేదు. అవి కావాలంటే సైరెన్ అనే మరో ఫార్మాట్ చూడండి, అందులో యాక్షన్లుంటాయి. రెస్పాన్స్ సైజు పెరుగుతుందంటారు. పెరుగుతుంది, జీజిప్‌తో కుదిస్తే ఆ తేడా పెద్దగా మిగలదు. నాకు అసలు భయం వేరే. మీరు లింకులిచ్చినా, యూఆర్ఎల్‌ను ముక్కలు అతికించి కట్టుకునే కుర్రాడు ఒకడు ప్రతి టీములోనూ ఉంటాడు. వాడి కోడ్ రివ్యూ మీ చేతిలో ఉంటే ఆపండి బాబూ.

అన్నీ ఒకేసారి మార్చమనను. జాబితా ఇచ్చే ఎండ్‌పాయింట్లకు (యాప్ పిలిచే సర్వర్ అడ్రసులకు) 'నెక్స్ట్' పెట్టండి. ఆ తర్వాత, స్టేటస్‌ని బట్టి బటన్ చూపించే స్క్రీన్ ఏదైనా ఒకటి ఎంచుకుని దాని లింకు పెట్టండి.

ప్రశ్నలు అడగొచ్చు. మొదటి వరసలో ఆయన నవ్వుతున్నారు, గ్రాఫ్‌క్యూఎల్ (యాప్ తనకు కావాల్సిన ఫీల్డులే అడిగి తీసుకునే పద్ధతి) గురించే అని తెలుసు. ముందే చెప్పేస్తా. అక్కడా ఆర్డర్ రద్దు చేయొచ్చా లేదా అన్న ఫీల్డు మీరే స్కీమాలో, అంటే ఏ డేటా దొరుకుతుందో రాసే చోట, పెట్టాలి, యాప్ దాన్నే అడగాలి. పెట్టకపోతే ఆ ఇఫ్ కండిషన్ మళ్లీ ఫోన్లోకే వెళ్తుంది. మైకు ఆయనకివ్వండి.